తీసినవారికి ఒకటి, దిగినవారికి ఒకటి



2018 ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవం నాటికి, తెలంగాణలో రెండు పెద్ద పథకాలు మొదలయ్యాయి. ఒకటి రైతు బీమా, ఇంకొకటి కంటి వెలుగు. ఆ సందర్భంగా పత్రికల నిండా ప్రకటనలు వచ్చాయి. ఒక ప్రకటనలో సూర్యాపేట జిల్లాకు చెందిన ఒక పేద జంట, వాళ్ల బిడ్డ కనిపించారు. ఇంకో ప్రకటనలో అదే తల్లి, అదే బిడ్డ. భర్త ఉండాల్సిన చోట మాత్రం మరో మనిషి ఉన్నాడు. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక మొగుణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెట్టారు. పత్రిక ఊళ్లోకి వచ్చింది. చుట్టాలు చూశారు, వాడకట్టు చూసింది, ఆ భర్త కూడా చూశాడు.

ఆ జంట తర్వాత విలేకరులతో చెప్పింది ఇది: కొన్నేళ్ల కింద ఎవరో వచ్చి, అప్పు ఇప్పిస్తామని చెప్పి ఫొటో తీసుకుపోయారట. ప్రకటనకు వాడతామని చెప్పలేదు. ఆ ఫొటో ఎక్కడెక్కడ తిరిగిందో, ఎన్ని చేతులు మారిందో వాళ్లకు తెలియదు. గొడవ పెద్దదయ్యాక ప్రకటనలు తయారుచేసిన ఏజెన్సీలకు నోటీసులు వెళ్లాయి. కానీ ఆ ఇల్లాలు ఊళ్లో తలెత్తి నడవలేకపోయిన రోజులను ఏ నోటీసు వాపసు ఇస్తుంది?

ఈ ఉదంతాన్ని ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో ఫొటో దిగేవాళ్లు చాలామంది అలాంటి ఇళ్ల వాళ్లే. నేను చాలా ఏళ్లుగా బోధన్, వర్ని, కోటగిరి, రెంజల్ పల్లెల్లో పనిపాటలు చేసుకునే మనుషుల ఫొటోలు తీస్తూ, వాళ్ల గురించి రాస్తూ తిరుగుతున్నాను. మన దగ్గరికి కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లకు కొదవ లేదు. చాటలో తునికాకు ముందు పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లను తీస్తారు. చెరుకు కొట్టడానికి మరాఠ్వాడా నుంచి వచ్చి చేను గట్టున గుడిసెలు వేసుకునే కూలీలను, వాళ్ల చంటిపిల్లలను తీస్తారు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య దిగులుగా కూర్చున్న రైతును తీస్తారు. గల్ఫ్ నుంచి పెట్టె వచ్చిన ఇంటి ముందు ఏడుస్తున్న భార్యను తీస్తారు. శక్కర్‌నగర్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు ముందు కార్మికులను తీస్తారు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు పేరు తెచ్చుకుంది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటి నుంచి ఆ గేటు ముందు దిగిన ఫొటోలకు లెక్క లేదు. అందులో ఎవరి ముఖం ఏ ఫ్లెక్సీ మీదికి ఎక్కిందో, ఏ పార్టీ కరపత్రంలో అచ్చయిందో ఆ కార్మికులకే తెలియదు.

ఇట్లా తీసిన ఫొటోను వాడుకోవాలంటే దిగినవాళ్ల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కొత్త మాటేమీ కాదు. పెద్ద సంస్థలన్నీ ఫారాలు అచ్చు వేయించుకుని తిరుగుతున్నాయి. నాకున్న బాధ ఆ ఫారం మీదే. ఒక పేజీ నిండా ఇంగ్లీషు. చివర ఒక గీత. ఆ గీత మీద సంతకం, లేదా నిశాని. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బండెక్కి పోతారు. దిగిన మనిషి చేతిలో ఏమీ మిగలదు. నా దృష్టిలో అది అనుమతి కాదు. కాగితం రెండు ప్రతులు ఉండాలి, ఒకటి దిగిన మనిషి ఇంట్లో ఉండాలి. ఆ ప్రతి లేకపోతే ఆ సంతకానికి విలువ లేదని నేను నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

ముందు మన వాళ్లకు కాగితం అంటే ఉన్న భయం గురించి. రెంజల్ దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దమ్మ బీడీలు చేస్తుంటే ఫొటో తీయమని ఆమే అన్నది. నవ్వుకుంటూ దిగింది. ఫొటో బాగా వచ్చింది. కాగితం తీసేసరికి ఆమె ముఖం మారిపోయింది.

"నిశాని ఎందుకు కొడుకా? నాకేమన్న పైసలిస్తున్నవా? మా మామ గిట్లనే సావుకారి కాగితం మీద ఏలు పెట్టిండు. రెండెకరాలు పోయినయ్."

ఆమె అన్నది అక్షరాలా నిజం. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పొలాలు రాయించుకున్న కాలాన్ని ఈ ఊళ్లు మరచిపోలేదు. ఆ తర్వాత గల్ఫ్ ఏజెంట్లు వచ్చారు. ఇక్కడ ఒక జీతం చెప్పి, అక్కడ వేరే జీతం ఉన్న అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చిట్టీలు, మైక్రో ఫైనాన్సు గ్రూపులు వచ్చాయి. ప్రతిసారీ సంతకం పెట్టింది వీళ్లు, కాగితం దాచుకున్నది వాళ్లు. మూడు తరాలు ఇట్లా గడిచిన ఇంటికి మనం వెళ్లి, "ఏం లేదమ్మా, ఊరికే ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటే ఆమె భయపడడంలో తప్పు లేదు. ఊరికే అయితే సంతకం ఎందుకు?

నేను కూర్చుని చదివి వినిపించాను. ఏ పుస్తకంలో వస్తుందో, పేరు వేస్తారో లేదో, ఫోన్లలో వస్తుందో రాదో చెప్పాను. ఫోన్లు అనేసరికి ఆమె ఆపింది.

"ఫోన్ల పెడితె దుబాయ్‌ల కనవడ్తదా? మా చిన్నోడు ఆడ్నే ఉంటడు. ఇంక బీడీలు చెయ్యకే అమ్మా, నేను పంపిస్తున్న గదా అని చెప్పిండు. ఆడు చూస్తే మస్తు బాధ పడ్తడు. పుస్తకంల ఏసుకో, ఫోన్ల మాత్రం వద్దు."

చూడండి, ఎంత లోతైన లెక్క వేసిందో! ఆ ఫొటోలో నాకు వెలుతురు కనిపించింది, ఆకును కత్తిరించే వేళ్ల వేగం కనిపించింది. ఆమెకు కొడుకు కనిపించాడు. ఆ ఫొటో ఎవరి కంట పడకూడదో తెలిసింది ఆమెకు ఒక్కదానికే. ఫారం నింపడం అంటే ఈ మాట ఆమె నోట రానివ్వడం. అందుకు సమయం పడుతుంది. కాగితం చదివి వినిపించకపోతే ఈ మాట బయటికి రాదు. "వాడుకోవచ్చు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ ఫొటో పుస్తకంలో మొదలై, ఫేస్‌బుక్‌లోకి పోయి, దుబాయ్‌లోని లేబర్ క్యాంపులో ఒక కొడుకు చేతి ఫోన్‌లో తేలేది.

ఇక చట్టం ఏమంటుందో కొంచెం చూద్దాం. బజార్లో నడిచిపోతున్నవాళ్లను ఫొటో తీయడం దానంతట అది నేరం కాదు. వార్త కోసం తీసే ఫొటోకు ప్రతిసారీ సంతకం తీసుకోవడం కుదరదు, చట్టం కూడా అడగదు. చెరువు తెగితే, బస్సు బోల్తా పడితే ఫారాలు పంచుతూ కూర్చోలేం. అసలు చిక్కు వాడకంలో వస్తుంది. తమిళనాడులో ఆటో శంకర్ అనే ఖైదీ జీవితకథ అచ్చు వేయడం మీద నడిచిన రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక మనిషి పేరునో, రూపాన్నో అతని సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడితే అది అతని గోప్యతను భంగపరచడమేనని అందులో ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో పనిచేసిన జడ్జి.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతున్నాయి. మనిషిని గుర్తుపట్టగల ఫొటో కంప్యూటర్లో, ఫోన్‌లో ఉంటే అది వ్యక్తిగత సమాచారమే. ఇంట్లోవాళ్లు పెళ్లి ఫొటోలు ఒకరికొకరు పంపుకోవడం దీని కిందికి రాదు. కానీ సంస్థలకు, కంపెనీలకు రెండు నియమాలు పెట్టారు, అవి నాకు చాలా నచ్చాయి. ఒకటి, సమ్మతి అడిగేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ మూడూ వినిపించని వీధి బోధన్‌లో ఎక్కడుంది చెప్పండి! రెండోది, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఇక్కడే నా రెండో ప్రతి సంగతి వస్తుంది. వెనక్కి తీసుకోవాలంటే ఎవరికి ఫోన్ చేయాలి? ఏ ఊరికి పోవాలి? పేరు, నంబరు ఉన్న కాగితం ఆమె ఇంట్లో లేకపోతే చట్టం ఇచ్చిన హక్కు ఆమెకు ఏ విధంగా అందుతుంది?

పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఏదైనా కేసులో ఇరుక్కున్న పిల్లలు, నేరానికి గురైన పిల్లలు, సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల ఫొటోలను గుర్తుపట్టేలా వేస్తే 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చెరుకు గుడిసెల దగ్గర ఆడుకునే పిల్లల ముఖాలు అందంగా ఉంటాయి, చేయి కెమెరా మీదికి పోతుంది. తల్లి చేనులో ఉంటుంది. సాయంత్రం ఆమె వచ్చేదాకా ఆగాలి. ఆగలేనివాళ్లు ఆ ఫొటో తీయకూడదు.

పట్నంలో స్టూడియోలు నడిపే తమ్ముళ్లకు ఒక మాట చెప్పాలి. మీరు డబ్బు తీసుకుని పెళ్లి ఫొటో తీస్తే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ ఫొటో హక్కు డబ్బు ఇచ్చి తీయించుకున్నవారిది. పెళ్లికూతురు ఫొటోను షాపు బోర్డు మీద పెద్దగా వేసుకోవాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలన్నా ఆ ఇంటివాళ్లను, ముఖ్యంగా ఆ అమ్మాయిని అడగండి. బుకింగ్ రోజున ఒక కాగితం రాసుకుంటే సరిపోతుంది. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న ఒక చోటుకు తీసుకుపోతాను. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ తోవలో డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ 1915 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి కుష్ఠు వ్యాధి ఆసుపత్రిని నిలబెట్టారు. దానికి రాజా నర్సాగౌడ్ అనే దాత చేయూతనిచ్చారు. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చిన మనిషిని ఊరు బయటికి తరిమేసేది. అలాంటి వాళ్లకు ఇల్లు, పని, వైద్యం దొరికిన చోటు అది. 1920ల్లో చాల్‌మొగ్రా నూనె ఇంజెక్షన్లతో అక్కడ చాలామందికి నయం చేశారు. ఆ సేవకు ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు. మన జిల్లా ఆమెకు ఎంతో రుణపడి ఉంది. ఆ మాట నిండు మనసుతో చెబుతున్నాను.

ఆ కాలంలో ప్రపంచమంతటా కుష్ఠు ఆసుపత్రులు విరాళాల మీద నడిచేవి. విరాళాలు రావాలంటే దూరదేశాల్లో ఉన్నవాళ్లు ఆ రోగులను చూడాలి. అందుకని మిషన్ పత్రికల్లో, వైద్య పుస్తకాల్లో రోగుల ఫొటోలు వేసేవారు. చికిత్సకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. వేళ్లు లేని చేతులు, అణగిపోయిన ముక్కు, చొక్కా విప్పించిన ఒళ్లు. చూసినవాళ్ల గుండె కరిగేది, డబ్బు వచ్చేది, ఆ డబ్బుతోనే మందులు వచ్చేవి. చేసినవాళ్ల మనసులో కీడు లేదు.

ఇంకో పక్క నుంచి ఆలోచించండి. మంచం, అన్నం, మందు అన్నీ ఇచ్చిన డాక్టరమ్మ ఫొటోకు నిలబడమంటే ఏ రోగి కాదంటాడు? అతనికి నయమైంది, ఊరికి తిరిగి పోయాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు అనుకుందాం. ఫొటోలో మాత్రం అతనికి ఎన్నటికీ నయం కాదు. పుస్తకంలో, లైబ్రరీలో, ఇప్పుడైతే ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చూడగల వెబ్‌సైట్లలో, అతను ఎప్పటికీ ఆ పుండ్లతోనే నిలబడి ఉంటాడు. 1981 తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బయింది. అయినా ఆ పాత బొమ్మలు చూసే జనం భయం నేర్చుకున్నారు. 2010లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కుష్ఠు బాధితుల పట్ల వివక్షను తొలగించే సూత్రాలను ఆమోదించింది. వాళ్లను గౌరవప్రదమైన చిత్రాలతోనే చూపేలా మీడియాను ప్రోత్సహించాలన్నది అందులో ఒకటి. డిచ్‌పల్లి లాంటి చోట్ల మొదలైన తరానికి ఆ మాట దాదాపు వందేళ్లు ఆలస్యంగా వచ్చింది.

అందుకే నేను అంటాను, అనుమతి అడిగేవాళ్లు ఆ మనిషికి అన్నం పెట్టే చేతి వైపు నుంచి రాకూడదు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే కాదనలేరు. బీడీ కార్ఖానా కమీషన్‌దారు పక్కన నిలబడి "సంతకం పెట్టమ్మా" అంటే, రేపు ఆకు తక్కువ తూచి ఇస్తాడేమో అన్న భయంతో పెడుతుంది. ముఠా ముకద్దమ్ చెబితే చెరుకు కూలీ పెడతాడు, ఎందుకంటే అతని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. పింఛను ఇచ్చే ఆఫీసు, బడిలో పెద్దసారు, ఊళ్లో సర్పంచు, వీళ్లు చూస్తుండగా తీసుకున్న సంతకంలో ఎంత భాగం ఇష్టమో ఎవరు చెప్పగలరు? సాక్షిగా ఆమె కోరుకున్న మనిషే ఉండాలి. పక్కింటి కోడలు కావచ్చు, పది చదివిన మనవరాలు కావచ్చు. మన దేశంలో వైద్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే దారి చూపిస్తాయి. చదువు రాని మనిషి సమ్మతి తీసుకునేటప్పుడు ఏ పక్షానికీ చెందని, చదవగలిగిన సాక్షి ఉండాలని వాటిలో ఉంది. మందుల పరిశోధనకు అవసరమైన జాగ్రత్త ఫొటోకు అక్కర్లేదా?

అమెరికాలో 1936 మార్చిలో డొరోతియా లాంజ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో బఠానీలు ఏరుకునే కూలీల శిబిరంలో ఒక తల్లిని ఫొటో తీసింది. ఇద్దరు పిల్లలు ఆమె భుజాల వెనక ముఖాలు దాచుకుని ఉంటారు, ఒడిలో చంటిబిడ్డ. ఆనాటి ఆర్థిక మాంద్యం కాలానికి ఆ ఫొటోయే గుర్తుగా నిలిచిపోయింది. స్టాంపు మీదికి కూడా ఎక్కింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై రెండేళ్లు ఆమె పేరు లేని ముఖంగానే ఉంది. అప్పుడు ఆమె చెప్పిన మాటల సారాంశం: ఆ ఫొటోల వల్ల తనకు పైసా రాలేదు, తీసినావిడ తన పేరైనా అడగలేదు, ఒక కాపీ పంపిస్తానని చెప్పి పంపలేదు. ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదని కూడా అన్నది. ఆ ఫొటో చూసి ప్రభుత్వం ఆ శిబిరానికి తిండి పంపింది, అది నిజమే. ఆ తిండి చేరేసరికి ఆమె కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. లాంజ్ కళ మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కానీ ఫొటో గురించి చదివినప్పుడల్లా ఆ పంపని కాపీ దగ్గర నా మనసు ఆగిపోతుంది.

మన దగ్గర ఇంకా ముందే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఆంగ్లేయ మహిళ. అక్కడ పనిచేసిందీ ఆడవాళ్లే. పరదాలో ఉండే స్త్రీలు నమ్మకంతో వచ్చి ఫొటోలు దిగారు. ఈ ఫొటో ఎవరి చేతుల మీదుగా పోతుంది, ఎవరి కళ్లు చూస్తాయి అన్న ప్రశ్నకు తీయకముందే జవాబు చెప్పిన చోటు అది.

అనుమతి నిండుగా ఉంటే ఫొటో ఎంత బలంగా పనిచేస్తుందో కూడా చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో భిండ్ ప్రాంతానికి చెందిన సునీతా తోమర్ నోటి క్యాన్సర్‌తో బాధపడుతూ, పొగాకు వద్దని చెప్పే ప్రచారానికి తన ముఖం తానే ఇచ్చింది. సినిమా హాళ్లలో, టీవీలో ఆమె ప్రకటన దేశమంతా చూసింది. 2015 ఏప్రిల్ 1న చనిపోవడానికి కొద్ది రోజుల ముందు కూడా పొగాకు పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు పెద్దవి చేయాలని ప్రధానికి ఉత్తరం రాసింది. దెబ్బతిన్న ముఖాన్ని చూపించాలన్నది ఆమె నిర్ణయం. దానికి వ్యతిరేకంగా ఇంకో సంగతి: 2012 జనవరిలో మన దేశంలో పొగాకు పెట్టెల మీద ఉన్న హెచ్చరిక బొమ్మ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ టెర్రీ ఫొటోలా ఉందని గొడవ లేచింది. ఆయన తరఫు వాళ్లు వెంటనే న్యాయపోరాటం మాట ఎత్తారు. అంత పేరున్న మనిషికి అడగడానికి లాయర్లు ఉన్నారు. రెంజల్ పెద్దమ్మకు ఎవరున్నారు? ఆమె దగ్గర ఉండగలిగింది ఒక కాగితమే.

చెరుకు రైతుకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. బండి కాటా మీద ఎక్కాక తూకం చిట్టీ చేతికి వస్తేనే అతను కదులుతాడు. చెరుకు ఇచ్చిన 14 రోజుల్లోపు పైసలు ఇవ్వాలని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఆ గడువు దాటితే అడగడానికి అతనికి ఆ చిట్టీయే ఆధారం. "మా రిజిస్టర్‌లో రాసుకున్నాం, నువ్వు పో" అంటే ఒప్పుకుంటాడా? ఫొటో ఇచ్చిన మనిషికి కూడా చిట్టీ ముట్టాలి.

ఇప్పుడు ముఖాలు మార్చడం పిల్లలు కూడా ఫోన్ల మీద చేస్తున్నారు. 2018లో ఆ ప్రకటనలో మొగుణ్ణి మార్చడానికి కొంత పనితనం కావాల్సి వచ్చి ఉంటుంది. ఈరోజు అది నిమిషం పని. మాట్లాడని మనిషి చేత మాట్లాడించే పరికరాలు వచ్చాయి. కాబట్టి ముఖం మార్చకూడదని, అనని మాట అంటగట్టకూడదని కాగితంలో విడిగా రాసుకోవాలి.

మీలో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు, యూట్యూబ్ ఛానెళ్లు నడిపే తమ్ముళ్లు చెల్లెళ్లు, బడి వార్షికోత్సవాల ఫొటోలు వేసే టీచర్లు ఉంటారు. పెన్ను, కాగితం అందుబాటులో ఉంటే రాసుకోండి. నేను వాడే ఫారం నెమ్మదిగా చదువుతాను.

"నా పేరు ఇది. నా ఊరు ఇది. ఫలానా తారీఖున ఫలానా చోట ఫలానా వారు నా ఫొటోలు తీశారు. తీసిన ఫొటోలు నాకు చూపించారు. వాటిలో నేను ఒప్పుకున్న ఫొటో ఇది. దీన్ని ఫలానా పుస్తకంలో, లేదా ఫలానా పత్రికలో, ఫలానా సంవత్సరం దాకా వాడుకోవచ్చు. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో పెట్టవచ్చు, లేదా పెట్టకూడదు. నా పేరు వేయవచ్చు, లేదా వేయకూడదు. నా ముఖం మార్చకూడదు. నా పక్కన లేని మనిషిని పెట్టకూడదు. నేను అనని మాట నా ఫొటో కింద రాయకూడదు. వ్యాపార ప్రకటనకు గానీ, పార్టీ ప్రచారానికి గానీ, ప్రభుత్వ ప్రచారానికి గానీ వాడాలంటే మళ్లీ వచ్చి నన్ను అడగాలి. ఇందుకు నాకు ఇంత డబ్బు ఇచ్చారు, లేదా డబ్బు మాట లేదు. నాకు వద్దనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేసి చెబుతాను, ఆ తర్వాత ఈ ఫొటోను కొత్తగా ఎక్కడా వాడకూడదు. ఇదంతా నా భాషలో, నేను కోరిన మనిషి చదివి వినిపించారు. ఈ కాగితం ఒక ప్రతి, ఫొటో ఒక ప్రతి నాకు ముట్టినవి."

కింద మూడు సంతకాలు ఉండాలి. ఫొటో దిగినవారిది, తీసినవారిది, సాక్షిది. తీసినవారు పూర్తి చిరునామా కూడా రాయాలి. "లేదా" అన్న చోటల్లా రెండింటిలో ఒకటి కొట్టేయాలి, అది దిగిన మనిషి ముందే, ఆమె చెప్పినట్టే కొట్టేయాలి. ఫొటో ప్రతి వెంటనే ఇవ్వలేకపోతే, ఆ చివరి వాక్యంలో ఫొటో మాట ఇచ్చేదాకా రాయకండి. ఉర్దూలో, మరాఠీలో కూడా ఇదే ఫారం ఉండాలి. బోధన్‌లో ఆ భాషల్లో చదువుకున్న పిల్లలు ఒక పూట కూర్చుంటే రాసిపెట్టగలరు, అడగండి.